నో గ్రోత్ అంటే ఏదీ మొలవలేదని

పాఠకురాలి ఉత్తరం: "అక్కా, మాది గుత్తి దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినాను. మా పిల్లోనికి ఏడేళ్లు. పోయిన నెల జ్వరం తగ్గకపోతే అనంతపురం తీసుకపోయినాం. మూత్రం పరీక్ష రాసిచ్చినారు. రెండు రోజుల తర్వాత రిపోర్టు చేతికొచ్చింది. అందులో 'నో గ్రోత్' అని పెద్ద అక్షరాలతో ఉంది. గ్రో అంటే పెరగడం అని బళ్లో నేర్చుకున్నదే కదా. పిల్లోడు ఇంక పెరగడని రాసినారేమో అనుకుని బస్టాండులో కూర్చుని ఏడ్చినాను. మర్సటి రోజు డాక్టరమ్మ చూసి 'మంచి రిపోర్టే' అనింది. ఎందుకు మంచిదో అడిగేలోపు ఇంకొకరిని పిలిచినారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన 'రాని భాష జోలికి ఎందుకు పోతావు' అన్నాడు. ఆ వారమే మావాడు హోంవర్కులో 'ద ప్లాంట్ గ్రోడ్' అని రాస్తే టీచరు కొట్టేసింది. ఎందుకు తప్పో చెప్పమ్మా అంటే నాకు నోరు పెగల్లేదు. ఈ ఒక్క మాట నన్ను శానా బాధ పెట్టింది. దీని సంగతేందో చెప్పండి. ఈ వయసులో నాకు ఇంగ్లీషు వస్తుందా?"

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు పిల్లాడి సంగతి. ఆ రిపోర్టులో 'నో గ్రోత్' అన్నది వాడి ఎదుగుదల గురించి కాదు. వాడి మూత్రంలో సూక్ష్మక్రిములు ఏవైనా ఉన్నాయా అని చూశారు, ఏవీ కనబడలేదు. అంతే. ఎలా చూస్తారో చెబితే ఆ మాట అక్కడికి ఎందుకు వచ్చిందో నీకే తెలుస్తుంది, ఎందుకంటే ఈ పరీక్ష మీ ఊళ్లో ప్రతి రైతుకూ తెలిసిందే.

మా నాయన శనక్కాయ వేసే ముందు విత్తనాన్ని పరీక్ష చేసేవాడు. గోనెసంచి ముక్క తడిపి నేలమీద పరిచి, ఒలిచిన గింజలు వంద లెక్కపెట్టి వరసగా పేర్చి, చాపలా చుట్టి ఇంటి మూలన పెట్టేవాడు. తడి ఆరకుండా నీళ్లు చల్లడం నా పని. ఐదారు రోజులకు విప్పితే తెల్లటి మొలకలు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. ఎన్ని మొలిచాయో, ఎన్ని కుళ్లాయో లెక్కపెట్టి ఆ విత్తనం వెయ్యాలా వద్దా అని తేల్చేవాడు. ల్యాబులో చేసేదీ ఇదే. గోనెపట్ట బదులు చిన్న మూత ప్లేటు ఉంటుంది. అందులో క్రిములకు ఆహారమయ్యే పదార్థం జెల్లీలా గడ్డకట్టించి ఉంటుంది. దానిమీద మూత్రం చుక్క రాసి, సుమారు 37 డిగ్రీల వెచ్చదనంలో, అంటే మన ఒంటి వేడిలో, ఒకటి రెండు రోజులు ఉంచుతారు. క్రిములుంటే ఆ ప్లేటు మీద చిన్న చిన్న చుక్కలుగా మొలుస్తాయి. మొలిస్తే అవి ఏ రకమో, ఏ మందుకు చస్తాయో ఇంకో పరీక్ష చేస్తారు. ఏమీ మొలవకపోతే 'నో గ్రోత్' అని రాస్తారు. మా నాయన గోనెపట్ట విప్పి చూసి 'ఒక్కటీ మొలవలేదు' అంటే విచారించాలి. ల్యాబువాళ్లు అదే మాట అంటే ఊపిరి పీల్చుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. శాంపిల్ ఇచ్చే ముందే పిల్లాడికి యాంటీబయాటిక్ వేసి ఉంటే, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ప్లేటు మీద ఏమీ మొలవకపోవచ్చు. అప్పటికే మందు మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పు. రిపోర్టు బాగుందని మందు నువ్వే మానిపించొద్దు.

ఇప్పుడు నిన్ను ఏడిపించిన మాట దగ్గరికి వస్తాను. నువ్వు నేర్చుకున్నది తప్పేమీ కాదు. గ్రో అంటే పెరగడమే. కానీ మన పెరుగు అనే మాటా, వాళ్ల గ్రో అనే మాటా వేర్వేరు చోట్ల పుట్టాయి. పుట్టిన చోటు వాసన ఇప్పటికీ రెండింటినీ వదల్లేదు. నేను ఇరవై ఏళ్లకు పైగా కడప జిల్లా బళ్లలో ఇంగ్లీషు చెప్పాను. గ్రో అంటే పెరుగు అని బోర్డు మీద రాసి ముందుకు పోయేవాళ్లం. ఇంకొక్క ముక్క చెప్పి ఉంటే నీలాంటివాళ్లకు బస్టాండులో ఆ కష్టం ఉండేది కాదని నీ ఉత్తరం చదివాక అనిపించింది. ఆ ముక్క ఇప్పుడు చెబుతాను.

మన పెరుగు, పెద్ద ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. తమిళంలో పెద్దదాన్ని పెరియ అంటారు, అదీ ఈ కుదురుదే. కాబట్టి మన మాట గుండెలో ఉన్నది పెద్దతనం. ఉన్నది ఇంకా పెద్దదవడమే పెరగడం. ఇంగ్లీషు మాట అలా కాదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో అది గ్రోవన్. పచ్చరంగును చెప్పే గ్రీన్, గడ్డిని చెప్పే గ్రాస్ దానికి తోబుట్టువులు. మూడు మాటల మొదట్లో ఉన్న గ్ర చూడు. నేలలోంచి పచ్చగా పైకి రావడం ఆ మూలానికి అర్థం. మనకూ పచ్చ నుంచి పచ్చిక వచ్చింది కదా. కాపురం పచ్చగా ఉండాలని దీవిస్తాం కదా. అలాంటిదే. మన మాట కొలత నుంచి వస్తే వాళ్ల మాట మొలక నుంచి వచ్చింది. నువ్వు ఆ రిపోర్టును కొలత మాటగా చదివావు, వాళ్లు మొలక మాటగా రాశారు. నీకు చదవడం రాక జరిగింది కాదిది.

ఇంకో విశేషం ఉంది. పాత ఇంగ్లీషువాళ్లు గ్రోను ఎక్కువగా చెట్టూచేమకే వాడేవారు. మనుషులు, పశువులు, చంద్రుడు పెరగడానికి వేరే మాట ఉండేది, అదే వాక్స్. జర్మన్ భాషలో పెరగడానికి నేటికీ ఆ మాట చుట్టమే వాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం మొక్కల మాట మెల్లమెల్లగా మనుషులకు పాకింది, పాతది మూలకు చేరింది. ఇప్పుడు ఎక్కువగా చంద్రకళలు పెరగడాన్ని చెప్పేటప్పుడే వాక్స్ వినిపిస్తుంది. మైనాన్ని కూడా వాక్స్ అంటారు కదా, అది వేరే మాట. స్పెల్లింగు ఒకటే, సంబంధం లేదు. మనకు పిల్లాడు పెరుగు, గిన్నెలో పెరుగు ఉన్నట్టు.

ఇక మీవాడి గ్రోడ్. టీచరు కొట్టేసింది సరే, పరీక్షలో గ్రూ అనే రాయాలి. కానీ వాడు తెలివితక్కువగా రాశాడని మాత్రం అనుకోకు. ప్లే ప్లేడ్ అయితే, షో షోడ్ అయితే, గ్రో గ్రోడ్ ఎందుకు కాకూడదు? వాడు ఒక సూత్రం పట్టుకుని దాన్ని నమ్మకంగా వాడాడు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు కూడా చిన్నప్పుడు ఇలాంటి తప్పులే చేస్తారు.

ఇంగ్లీషులో కొన్ని పాత క్రియలున్నాయి. జరిగిపోయిన పని చెప్పడానికి చివర డ్ తగిలించుకోవు, కడుపులో ఉన్న అచ్చునే మార్చుకుంటాయి. నో అంటే తెలియడం, అది న్యూ అవుతుంది. త్రో త్రూ, బ్లో బ్లూ, గ్రో గ్రూ. ఇవన్నీ ఒకే గుంపు. ఈ నాలుగింటినీ వాడిచేత పాటలా చెప్పించు, మళ్లీ తప్పు పోడు. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకోటుంది. విత్తనం వెయ్యడాన్ని సో అంటారు. పాత ఇంగ్లీషులో సో కూడా ఈ గుంపుదే, గ్రో లాగే అచ్చు మార్చుకునేది. కాలం గడిచేకొద్దీ జనం దానికి డ్ తగిలించారు, ఇప్పుడు సోడ్ అన్నదే సరైన మాట. అంటే మీవాడు గ్రోకు చేసింది, ఇంగ్లీషు జనం సోకు ఎప్పుడో చేసేశారు. విత్తడం దారి మార్చుకుంది, మొలవడం పాత దారిలోనే ఉండిపోయింది. వాడికి ఇది చెప్పు. తప్పు కొట్టేశారన్న బాధ పోతుంది, గ్రూ గుర్తుంటుంది.

అర్థాల దగ్గర ఒక్క పద్ధతి పట్టుకుంటే చాలు. మాట ఎదురవగానే దేని గురించి అంటున్నారో ముందు చూడు. మనం తెలుగులో ఈ పని వేరే మాటలతో చేస్తాం కాబట్టి మనకు తెలియకుండానే తేడా తెలుసు. చీనీ (బత్తాయి) చెట్లు పెంచుతాం, బుడ్డలు (శనక్కాయలు) పండిస్తాం, గడ్డం పెంచుతారు, జుట్టు పెరుగుతుంది, పుట్టలో పుట్టగొడుగులు మొలుస్తాయి. వీటన్నిటికీ ఇంగ్లీషులో గ్రో ఒక్కటే. 'వి గ్రో చీనీ' అంటే మేం చీనీ తోట పెట్టామని. పంటను మనిషి పండించాడు అనే ఈ వాడుక పాతదేమీ కాదు, 18వ శతాబ్దంలో స్థిరపడింది. అంతకుముందు మొక్క తనంతట తాను గ్రో అయ్యేది, రైతు దాన్ని గ్రో చెయ్యడం అనేది లేదు. వ్యాపారాన్ని, ఆర్థిక వ్యవస్థను గ్రో చెయ్యడం ఇంకా కొత్త. 1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో బిల్ క్లింటన్ ప్రచారంతో అది బాగా వ్యాపించింది. వ్యాపారమేమన్నా వంకాయ మొక్కా అని ఆ భాషవాళ్లలోనే చాలామంది విసుక్కున్నారు. ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ అదే మాట. నాకు ఇప్పటికీ చెవికి గుచ్చుకుంటుంది గానీ తప్పని మాత్రం అనను.

అయితే పిల్లల దగ్గర ఈ మాట చెల్లదు. నేను ఇద్దరు పిల్లల్ని పెంచాను అనడానికి 'ఐ గ్రూ టు చిల్డ్రన్' అంటే పాదులో వేసి మొలిపించినట్టుంటుంది. అక్కడ 'ఐ బ్రాట్ అప్' అనాలి, లేదా 'ఐ రెయిజ్డ్'. పెంచు అనే ఒక్క మాటతో మనం చెట్టునూ బిడ్డనూ కలిపేస్తాం. వాళ్లు అక్కడ గీత గీశారు.

దీని పక్కనే ఒక పెద్ద తప్పుంది. డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఇంటర్వ్యూల్లో అంటుంటారు: 'ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ అనంతపూర్'. ఆ వాజ్ ఎక్కడి నుంచి దూరిందో నేను చాలాకాలం ఆలోచించాను. మనం 'పుట్టి పెరిగాను' అని ఒక్క ఊపులో అంటాం. ఇంగ్లీషులో పుట్టడానికి 'వాజ్ బార్న్' అనాలి, వాజ్ ఉండి తీరాలి. ఆ వాజ్ పక్కనున్న పెరగడానికి కూడా అంటుకుంటుంది. పెరగడం మనం చేసిన పనే కదా, దానికి వాజ్ అక్కర్లేదు. 'ఐ గ్రూ అప్ ఇన్ అనంతపూర్' చాలు. వాజ్ పెట్టి తీరాలనుకుంటే 'ఐ వాజ్ బ్రాట్ అప్' అను, అంటే నన్ను పెంచారు అని. మీవాడు రేపు పెద్దయ్యాక ఎక్కడికో ఇంటర్వ్యూకు పోతాడు. ఈ ఒక్కటి వాడికి ఇప్పుడే అలవాటు చెయ్యి.

పెరగడానికి ఏమాత్రం సంబంధం లేని గ్రో ఒకటుంది. 'షి గ్రూ ఓల్డ్' అంటే ముసలిదైంది. 'ఇట్ గ్రూ డార్క్' అంటే చీకటి పడింది. ఇక్కడ గ్రో అంటే మెల్లమెల్లగా అవ్వడం. మొలక ఎలా కంటికి కనబడకుండా రోజురోజుకీ మారుతుందో అలా మారడం. ఎంతదాకా పోయిందంటే 'హి గ్రూ థిన్' అని కూడా అంటారు, అంటే చిక్కిపోయాడు. పెరిగే మాటతోనే తగ్గడం చెబుతున్నారు. పెరుగు అని ఒకే అర్థం మనసులో పెట్టుకుని చదివితే 'సన్నగా పెరిగాడు' అనుకుని తికమకపడతాం. మెల్లగా అనే అర్థం పట్టుకుంటే చిక్కు విడిపోతుంది.

ఇక నీకు రోజూ పనికొచ్చేవి బట్టల షాపులో ఉన్నాయి. పండక్కి పిల్లాడికి చొక్కా తీసేటప్పుడు మనం ఏమంటాం? 'ఎదిగే పిల్లోడు, ఒక సైజు పెద్దది ఇయ్యప్పా.' చేతులు వేళ్లదాకా వచ్చినా సరే, కుదురుతుందిలే అంటాం. ఆ కుదరడమే 'హి విల్ గ్రో ఇంటు ఇట్'. ఏడాది తిరిగేసరికి అదే చొక్కా పొట్టైపోయి బొడ్డు కనబడుతుంటే 'హి హ్యాజ్ గ్రోన్ అవుట్ ఆఫ్ ఇట్'. చొక్కా చిన్నదైంది అని మనం చొక్కా మీద పెట్టి చెబుతాం, వాళ్లు పిల్లాడు దాంట్లోంచి బయటికి వచ్చేశాడని చెబుతారు. వేలు చప్పరించే అలవాటు వయసుతోపాటు పోయినా ఇదే మాట. ఒక పాట మొదట నచ్చక, వినగా వినగా నచ్చిందనుకో, 'ఇట్ గ్రూ ఆన్ మి' అంటారు. మన 'వినగా వినగా'కు ఇంతకన్నా దగ్గరి మాట ఇంగ్లీషులో నాకు కనబడలేదు.

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంది. మనం పెరిగింది అన్న ప్రతిచోటా గ్రో పెట్టకూడదు. ఉల్లిగడ్డల ధర పెరిగింది అంటే కర్నూలు మార్కెట్లో ధరేమీ మొలవలేదు కదా, అక్కడ 'వెంట్ అప్' అనో 'ఇంక్రీజ్డ్' అనో అనాలి. జ్వరం పెరిగినా 'వెంట్ అప్' అనే. బరువు పెరిగితే 'గెయిన్డ్' అంటారు. జనాభా, పట్నం, అప్పు, అనుమానం మాత్రం గ్రో అవుతాయి.

ఇంక్రీజ్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. అది ఇంగ్లీషు నేలలో మొలిచింది కాదు, లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ పెరగడాన్ని క్రెస్కెరె అంటారు. జీతానికి కలిసే ఇంక్రిమెంటు దాని బిడ్డే. మీ ఇంటి స్లాబుకు వేసే కాంక్రీటు కూడా అదే, కలిసిమెలిసి ఒక్కటిగా పెరిగింది అని అర్థం. నెలవంకను క్రెసెంట్ అంటారు, అంటే పెరుగుతున్నది. పెరగడానికే లాటిన్‌లో ఉన్న ఇంకో మాట నుంచి అడొలెసెంట్, అడల్ట్ వచ్చాయి. మొదటిది పెరుగుతూ ఉన్నవాడు, రెండోది పెరగడం అయిపోయినవాడు. ఆసుపత్రి కాగితాల్లో ఈ రెండూ తరచూ కనబడతాయి కాబట్టి చెప్పాను.

ఆసుపత్రి కాగితాల్లో గ్రోత్ ఇంకో రెండు చోట్ల ఎదురవుతుంది. అంగన్వాడీలో మీవాడికి ఇచ్చిన కార్డు దాచి ఉంటే తీసి చూడు. మగపిల్లలకు నీలం, ఆడపిల్లలకు గులాబీ రంగు పేజీ మీద వంపు గీతలుంటాయి. అది గ్రోత్ చార్టు. అక్కడ గ్రోత్ అంటే నువ్వు అనుకున్న ఎదుగుదలే. బరువు చుక్క పచ్చ పట్టీలో ఉంటే బాగున్నట్టు, పసుపులోకి జారితే తిండి మీద దృష్టి పెట్టాలని. ఇక పెద్దవాళ్ల స్కానింగ్ రిపోర్టులో 'ఎ గ్రోత్' అని ఉంటే గడ్డ లాంటిదేదో కనబడిందని. అది ప్రమాదమైనది కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ ఒక్క మాటతో తేలదు. అలాంటి కాగితం చేతికొస్తే మాత్రం ఒక్కదానివే బస్టాండులో చదువుకుని కుమిలిపోకు. డాక్టరును 'ఇది దేని గ్రోత్?' అని అడుగు. ఈ మూడు ముక్కల ప్రశ్న అడగడానికి వాళ్ల టైం ఏమీ పోదు. అడిగే హక్కు నీకుంది.

మీ ఆయన అన్న మాటకు నాకు కోపం రాలేదు. నువ్వు ఏడ్చిన తీరు చూసి భయపడి అని ఉంటాడు. కానీ ఆ మాట వినొద్దు. మా కడపలో సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. 1798లో కలకత్తాలో పుట్టిన మనిషి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తెలుగు ఆయన ఇంటిభాష కాదు, ఉద్యోగం కోసం మొదలుపెట్టిన భాష. పండితుల పక్కన కూర్చుని నేర్చుకుని, మనవాళ్లు ఈరోజుకీ తెరిచి చూసే నిఘంటువులు 1850ల్లో అచ్చు వేయించాడు. ఆ బీరువాల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. రాని భాష జోలికి పోబట్టే కదా ఆయనకు అది వచ్చింది.

నీకు వస్తుందా అని అడిగావు. వస్తుంది. నీ ఉత్తరమే నాకు సాక్ష్యం. తెలిసిన మాటను తెలియని చోట గుర్తుపట్టి చదివావు. అర్థం తేడా పడింది, దాన్ని వదలకుండా పట్టుకుని నాకు రాశావు. బళ్లో నా దగ్గర చదివినవాళ్లలో ఇలా ఒక మాట వెంట పడినవాళ్లే నిలబడ్డారు. మాటకు పక్కన ఒక్క అర్థం రాసే నోటుబుక్కు పెట్టుకోవద్దు. మాట రాసి, అది ఎక్కడ కనబడిందో రాసుకో: మందుల చీటీ మీదా, బస్సు మీదా, పిల్లాడి పుస్తకంలోనా. వాక్యం మొత్తం రాసుకో. రోజుకు ఒక్కటి చాలు. సాయంత్రం వాడు హోంవర్కు చేసేటప్పుడు పక్కనే కూర్చుని నీ పుస్తకం కూడా తెరువు.

గ్రోతోనే మొదలుపెట్టు. ఈ రాత్రి మీవాణ్ణి చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు అడ్డంగా పెట్టి పెన్సిలుతో గీత గియ్యి. పక్కన తేదీ వెయ్యి. ఆ వయసు పిల్లలు మామూలుగా ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు, కాబట్టి మూడు నాలుగు నెలలకు ఒక వేలు మందం తేడా కనబడాలి. అప్పుడు రెండో గీత గీసి, దాని కింద వాడిచేతే 'ఐ హ్యావ్ గ్రోన్' అని రాయించు. తేదీ పెట్టి పోయిన సంగతి చెప్పేటప్పుడు గ్రూ, ఇప్పటిదాకా వచ్చి ఆగినదాన్ని చెప్పేటప్పుడు హ్యావ్ గ్రోన్. గీత చూపిస్తూ చెబితే వాడికి వెంటనే ఎక్కుతుంది. రెండు గీతల మధ్య ఎంత వచ్చిందో నాకూ ఒక కార్డు ముక్క రాయి.